పిల్లి, పిట్టలు

ఎదురింటి అక్క పడిపోయిందన్న కబురు మొదట నాకు తెచ్చింది ఆటో అతను. మిరపకాయల తొడిమలు తీసే ఆడవాళ్ళను పొద్దున్నే మా వీధిలో ఎక్కించుకుని కోల్డ్ స్టోరేజీ దగ్గర దింపి, సాయంత్రం మళ్ళీ తెచ్చి దింపే మనిషి. అతని ఆటో ఎప్పుడూ వీధి మొదట్లో ఆగి హారన్ కొడుతుంది, లోపలికి రాదు. ఆ రోజు మధ్యాహ్నం లోపలిదాకా వచ్చి మా గుమ్మం ముందు ఆగింది. వెనక సీట్లో ఎవరూ లేరు.

నేను మిషను ముందు కూర్చుని జాకెట్టుకు చేతులు అతికిస్తున్నాను.

“అక్కా, కంగారుపడమాక,” అన్నాడు దిగుతూనే. ఆ మాట విన్నాక కంగారుపడకుండా ఎవరుంటారు? “మీ ఎదురింటావిడ కాయల దగ్గర కూర్చున్నది కూర్చున్నట్టే పక్కకి ఒరిగిపోయింది. మూతి వంకరపోయింది. గుంటూరు ఆసుపత్రికి తీసుకుపోయారు. నన్ను ఇటు పంపింది.”

“ఎవరు పంపారు?”

“ఆవిడే. మాట సరిగ్గా రావట్లా. ఈ తాళంచెవి నా చేతిలో పెట్టి, పిల్లి, పిట్టలు అంది. అంతే. అట్టాంటప్పుడు ఎవరైనా మొగుణ్ణో బిడ్డల్నో తలుచుకుంటారు. పిల్లిని తలుచుకోటం ఏందక్కా!”

“తలుచుకోడానికి వాళ్ళెవరూ లేరయ్యా,” అన్నాను.

అతను పసుపుతాడుకు కట్టిన తాళంచెవి నా చేతిలో పెట్టి వెళ్ళిపోయాడు. ఆ తాడుకు పట్టిన మిరప ఘాటు ముక్కుకు తగిలి నాకు దగ్గు తెర వచ్చింది. దగ్గుతూనే దేవుడికి స్తోత్రం చెప్పాను. ఆమె ప్రాణంతో ఉంది. ఆ స్థితిలోనూ ఒక పని అప్పగించింది. అప్పగించడానికి నేను గుర్తొచ్చాను.

ఈ దగ్గు సంగతి చెబితే గాని మా ఇద్దరి సంగతి అర్థం కాదు. నాకు చిన్నతనం నుంచీ ఆయాసం. మా ఊరి బడి పక్కనే మిరప కల్లాలు. కాయలు ఎండబోసే రోజులు వచ్చాయంటే నేను బడిలో కూర్చోలేకపోయేదాన్ని. కల్లాలు ఖాళీ అయ్యేసరికి సెలవులు వచ్చేవి. చివరికి మా నాన్నగారే ఇంట్లో అక్షరాలు దిద్దించారు. ఆయన మా చర్చి సంఘంలో ఉపదేశి. ఆదివారం వాక్యం చదివే గొంతుతోనే ఎక్కాలూ చెప్పేవారు. ఆ చదువే నా చదువు. ఆయన ఉన్నన్నాళ్ళూ ఇంట్లో రెండు గొంతులుండేవి. ఆయన పోయాక మిషను చప్పుడు మిగిలింది. కుట్టుపని ఇచ్చేవాళ్ళు కొలత జాకెట్టు ఇచ్చి వెళతారు, కుట్టింది తీసుకుని వెళతారు. మధ్యలో పొద్దుగూకేదాకా నా గొంతు నాకే వినపడని రోజులుంటాయి. సణుగుతున్నానని కాదు. నీడ ఉంది, పని ఉంది, ఊపిరి ఆడుతోంది. ఊపిరి ఆడటం ఎంత పెద్ద సంగతో నాబోటివాళ్ళకు తెలుసు.

అక్కది కనిగిరి వైపు మెట్ట. వానలు లేని ఏడు భర్తతో కలిసి మిరపకోతలకు ఇటు వచ్చి ఉండిపోయింది. భర్త పోయినా తిరిగి వెళ్ళలేదు. పిల్లలు లేరు. చీమకుర్తిలో ఒక చెల్లెలు ఉంది, ఆమె భర్త గ్రానైటు రాయి కోసే యూనిట్లో పనిచేస్తాడు. అక్క శుక్రవారం గడపకు పసుపు రాసే మనిషి, నేను ఆదివారం గుడికి వెళ్ళే మనిషిని. “మీ ప్రభువుకి నా పిల్లి సంగతి కూడా ఒక మాట చెప్పవే, ఊరి కుక్కల కంట పడకుండా,” అనేది. నేను నిజంగానే చెప్పేదాన్ని.

మా స్నేహమంతా వీధికి అటూ ఇటూ నడిచింది. సాయంత్రం ఆటో దిగిన అక్క చీర మీద, జుట్టులో, చేతుల మీద ఆ రోజు కాయలన్నీ ఉండేవి. ఆ ఘాటు వీధి దాటి వస్తుందని ఆటో హారన్ వినపడగానే నేను తలుపు వేసుకునేదాన్ని. ఆ సంగతి ఆమెకు తెలుసు. పెరట్లో స్నానం చేసి, చీర మార్చుకుని, తన గుమ్మంలో కూర్చుని పిలిచేది.

“ఏమే!”

ఆ పిలుపుకు నేను తలుపు తీసేదాన్ని. ఆమె పిల్లి కూడా ఎక్కడున్నా పరిగెత్తుకొచ్చేది. ఎందుకంటే దాన్నీ అలాగే పిలిచేది. పిల్లికి వేరే పేరు పెట్టలేదు.

“నిన్ను కాదు, దాన్ని పిలిచా,” అని నవ్వేది ఒక్కోసారి. “అయినా మీ ఇద్దరికీ తేడా ఏముందిలే. ఎండ ఎక్కడుంటే అక్కడికి జరిగి కూర్చుంటారు. ఎవరన్నా దగ్గరికొస్తే లేచి లోపలికి పోతారు.”

పిల్లి దొరికింది కోల్డ్ స్టోరేజీలోనే. మిరప బస్తాల సందున తల్లి వదిలేసిన పిల్ల. కళ్ళు పుసులు కట్టి ఉన్నదాన్ని అన్నం క్యారేజీ పెట్టుకునే సంచిలో వేసుకుని తెచ్చింది. పిట్టలు మాత్రం చీమకుర్తి నుంచి వచ్చాయి. లవ్‌బర్డ్స్ అని అందరూ పిలిచే చిన్న చిలకల జంట, ఒకటి పసుపు, ఒకటి నీలం. చెల్లెలి కూతురు ముచ్చటపడి కొనిపించుకుంది. పదో తరగతికి వచ్చాక పరీక్షలకు గోలగా ఉందని పెద్దమ్మకు అంటగట్టింది. పంజరం కిటికీ ఊచకు తగిలించి, పిల్లి ఎక్కకుండా కిందనున్న చెక్కపెట్టె తీసేసింది అక్క. ఆ పిల్లి పిట్టల వైపు చూసేది కాదు. పంజరం కింద రాలిన గింజల కోసం ఎలుకలు వస్తాయని దానికి తెలుసు. పైనున్నవాటిని వదిలి కిందకు వచ్చేవాటి కోసం కాపు కాసేది.

తాళం తీసి ఆ ఇంట్లోకి వెళ్ళిన మొదటి రోజు గుమ్మంలోనే నిలబడిపోయాను. ఇన్నేళ్ళ ఎదురిల్లు, లోపలికి నేను వెళ్ళింది ఎన్నిసార్లని. దండెం మీద పనికి కట్టే చీర, గోడకు ఆనించిన పీట, మూత పెట్టిన మజ్జిగ గిన్నె. పంజరంలో పిట్టలు ఒకదానికొకటి ఆనుకుని ముడుచుకుని ఉన్నాయి. నేను ముక్కుకు చీరకొంగు అడ్డం పెట్టుకుని పంజరం ఊచ నుంచి తీసి మా ఇంటికి తెచ్చుకున్నాను. పిల్లి మాత్రం అక్క గడప మీద కూర్చుని, నేను పంజరం మోసుకుపోతుంటే దొంగను చూసినట్టు చూసింది.

పిట్టల పని నేర్చుకోవడం తేలికే. కొర్రలు పోయాలి, పొద్దున్నే ఊదాలి. ఊదకపోతే పైన తేలే పొట్టును చూసి గిన్నె నిండా గింజలున్నాయని మనం మోసపోతాం, అవి పస్తుంటాయి. నీళ్ళు రోజూ మార్చాలి. కొత్తిమీర రెమ్మ కట్టాలి. సముద్రపు ఒడ్డున దొరికే తెల్లటి సుద్ద బిళ్ళ ఒకటి ఊచల మధ్య దూర్చాలి, ముక్కు అరగదీసుకోవడానికి. పొద్దు వాలగానే పంజరం మీద గుడ్డ కప్పాలి, లేకపోతే నిద్రపోవు. ఇవన్నీ అక్క వీధికి అటువైపు నుంచి కబుర్లలో చెప్పినవే. వాటికి మిరప గింజలంటే ఇష్టమని కూడా చెప్పింది. తొడిమలు తీసేచోట రాలిన గింజలు కొంగున కట్టుకొచ్చి అరచేతిలో పోసి పెట్టేదట. మనకు కళ్ళలో నీళ్ళు తెప్పించే ఘాటు పిట్టల నోటికి తెలియదట. మంట చేతులతోనే వాటికి తినిపించేది. అవి ఆమె వేళ్ళు కొరుకుతూ ఆడుకునేవి.

అక్క ఇంట్లో ఎప్పుడూ ఏదో ఒక మోత ఉండేది. ఆమె మాట, గిన్నెల చప్పుడు, రేడియో. ఆ మోతకు గొంతు కలిపి అరిచే పిట్టలు మా ఇంట్లోకి వచ్చాక నోరు మెదపలేదు. తింటాయి, తాగుతాయి, కొమ్మలా పెట్టిన పుల్ల మీద పక్కపక్కన కూర్చుంటాయి. నేను మిషను తొక్కితే తల వంచి వింటాయి. ఆపితే అవీ ఆపేస్తాయి. నా ఇల్లు ఎంత నిశ్శబ్దమో ఆ రెండు పిట్టలు ముడుచుకు కూర్చోవడం చూసి తెలిసింది నాకు.

ఆసుపత్రి నుంచి అక్కను చీమకుర్తికి తీసుకెళ్ళారని చెల్లెలు ఫోన్ చేసి చెప్పింది. కుడివైపు పడిపోయింది. మాట ముద్దముద్దగా వస్తోంది. “నడక వచ్చాక వచ్చేస్తానంటదమ్మా,” అంది చెల్లెలు. వెనక నుంచి అక్క గొంతు, గుర్తుపట్టలేనంత మారిపోయిన గొంతు, ఏదో అడుగుతోంది. “పిల్లి తింటందా అని అడగతంది,” అంది చెల్లెలు.

“తింటోంది,” అన్నాను. అది పూర్తిగా నిజం కాదు.

పిల్లి చిక్కిపోతోంది. అన్నంలో ఎండురొయ్యల పొడి కలిపి పెట్టాను, చేప ముక్క పెట్టాను, గోరువెచ్చగా పాలు పెట్టాను. అక్క గడప మీదే పెట్టాలి. నేను వెనక్కి వచ్చి మా తలుపు వేసుకుంటే నాలుగు మెతుకులు తినేది. తలుపు సందులోంచి చూస్తూ ఉండేదాన్ని. ఆటో హారన్ వినపడే వేళకు తినడం ఆపి వీధి మొదటికి వెళ్ళేది. దిగిన ఆడవాళ్ళందరి కాళ్ళ మధ్యా తిరిగి, వాసన చూసి, తిరిగి వచ్చి గడప మీద ముడుచుకునేది. ఒళ్ళు నిమిరి ధైర్యం చెబుదామని నేను చెయ్యి చాపితే చెవులు వెనక్కి విరిచి, నేలకు కరుచుకుని, చూస్తూ చూస్తూ వెనక్కి జరిగేది. కొట్టే చేతిని చూసినట్టు. అక్క దాన్ని ఏనాడూ కొట్టలేదని నాకు తెలుసు.

“మాలిమి కాదక్కా పరాయివాళ్ళకి,” అన్నాడు ఆటో అతను ఒకరోజు. “ఇట్టాగే ఎండిపోయి పోద్ది. గోనెసంచిలో వేసివ్వు, చేపల మార్కెట్టు దగ్గర వదిలేస్తా. బతికిపోద్ది.”

“వద్దయ్యా. ఆమె వచ్చి అడిగితే ఏం చెప్పను?”

“ఆవిడ వచ్చిద్దంటావా?”

ఆ ప్రశ్న నేను రోజూ ప్రార్థనలో అడిగేదే. కాకపోతే అలా సూటిగా అడిగే ధైర్యం నాకు లేదు. అక్క రావాలి. వచ్చేసరికి పిల్లి ఉండాలి. నా మనసులో ఆ రెండూ ఒకటే అయిపోయాయి. పిల్లి తిన్న రోజు అక్క వస్తుందనిపించేది. తినని రోజు ఎదురింటి తాళం చూడలేకపోయేదాన్ని.

ఈలోగా ఎండలు ముదిరాయి. ఏడాదికి సరిపడా కారం పట్టించుకునే రోజులు. ప్రతి ఏడూ నా కాయలు అక్కే తెచ్చి, ఎండబెట్టి, తొడిమలు తీసి, మర ఆడించి, డబ్బాలో పోసి మూత బిగించి నా గుమ్మంలో పెట్టేది. “నీ వంటలో కారం ఉంటే చాలు, నీ ముక్కులో ఎందుకే,” అనేది. ఈ ఏడు ఆ పని నా ముందుకు వచ్చింది. కొన్న కారం తెచ్చుకోవచ్చు. కాని ఆమె తిరిగొచ్చి నా ఇంట్లో అన్నం తింటే కొన్న కారం వాసన పట్టేస్తుంది, నవ్వుతుంది. కరోనా నాటి మాస్కులు ఇంకా మిగిలే ఉన్నాయి. రెండు కలిపి కట్టుకుని, పొద్దున్నే గాలి నా వీపు వైపు నుంచి వీచేట్టు చూసుకుని, పెరట్లో వేపచెట్టు కింద గోనె పరిచి కూర్చున్నాను.

తొడిమ తీయడం చూడటానికి పెద్ద పనేమీ కాదు. కాయను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టుకుని, తొడిమ మొదట్లో చిన్న మెలిక, టప్పున ఊడుతుంది. కాయ చిట్లకూడదు, గింజ రాలకూడదు. పదే పదే అదే మెలిక. కాసేపటికి గోళ్ళ సందుల్లో వెచ్చగా ఉన్నట్టనిపించింది. ఇంకాసేపటికి ఆ వెచ్చదనం మంటగా మారి మణికట్టు దాకా పాకింది. నీళ్ళతో కడిగితే ఎక్కువైంది. మజ్జిగలో ముంచితే ముంచినంతసేపే ఊరట. చెమట పడుతుంటే ముఖం తుడుచుకోవడానికి లేదు, మాస్కు సర్దుకోవడానికి లేదు. జారిన వెంట్రుకలు మోచేత్తో వెనక్కి తోసుకున్నాను. అక్క ఏళ్ళ తరబడి ఈ చేతులతోనే బతికింది. ఈ చేతులతోనే అన్నం కలుపుకుంది.

మధ్యాహ్నానికి ఓపిక అయిపోయి, గోడకు చేరగిలబడి, అరచేతులు రెండూ గాలికి ఆరేసినట్టు పైకి పెట్టి కూర్చున్నాను. మా పెరటి గోడ మీద పిల్లి ఉంది. ఎప్పుడొచ్చిందో తెలియదు. అది మా ఇంటివైపు రావడం అదే మొదలు. గోడ దిగి, కాయల రాశి చుట్టూ తిరిగి, తుమ్మి, నా దగ్గరికి వచ్చింది. నాకు భయం వేసింది. ఈ చేతులు దాని కంటికి తగిలితే ఇంకేమన్నా ఉందా! “పో, పో అవతలికి,” అంటూ చేతులు ఇంకా పైకెత్తి, మోచేత్తో దాన్ని పక్కకు తోశాను.

అది పోలేదు. కళ్ళు మూసుకుని, తలను నా మోచేతికి గట్టిగా అదిమింది. తల నుంచి చెవి, చెవి నుంచి మెడ, మెడ నుంచి వీపు, ఒళ్ళంతా ఆ ఎముక మీద రాసుకుంటూ ఇటు నుంచి అటు వెళ్ళింది, మళ్ళీ తిరిగి వచ్చింది. గొంతులో గుర్రుగుర్రుమని మిషను తిరిగినట్టు చప్పుడు. నేను కదలలేదు. మోచెయ్యి దానికి వదిలేశాను.

అప్పుడు తెలిసింది. ఆటో దిగిన అక్క, స్నానానికి ముందు, నేను తలుపు వేసుకుని ఉండే ఆ కాసేపట్లో, దీన్ని పలకరించేది ఇలా. మంట చేతులు తగలకుండా. నేను ఎప్పుడూ చూడని సమయం అది. ఈ పిల్లికి చెయ్యి అంటే మంట. ప్రేమ అంటే మోచెయ్యి.

వెంటనే ఇంకొకటి గుర్తొచ్చింది. మా నాన్నగారు పోయిన రోజు. సంఘంలో ఆడవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి నన్ను కావలించుకుని ఏడుస్తున్నారు. అక్క పనిలోంచి అలాగే వచ్చింది, స్నానం కూడా చెయ్యలేదు. చాలాసేపు దూరంగా వాకిట్లో నిలబడింది. తర్వాత వచ్చి నా పక్కన కూర్చుంది. చేతులు ఒళ్ళో కొంగులో చుట్టేసుకుని, మోచేత్తో నా వీపు మీద తోసింది. చోటు చాలక జరగమంటోందనుకుని జరిగాను. ఆమె మళ్ళీ దగ్గరికి జరిగి మళ్ళీ తోసింది. నేను మళ్ళీ జరిగాను. అలా ఆ మూల దాకా జరుగుతూ పోయాను. అంతమంది కావలించుకున్న రోజున ఈమె ఒక్కతే నన్ను పక్కకు నెట్టిందే అని అప్పట్లో ఒక చిన్న ముల్లు ఉండేది మనసులో. ఆ ముల్లు ఆ వేపచెట్టు కింద, ఆ మంటలో, ఊడిపోయింది. నేను ఏడ్చాను. కళ్ళు తుడుచుకోవడానికి లేదు. నా మోచెయ్యి పిల్లికి కావాలి.

సాయంత్రం, మంట తగ్గాక, ఫోన్ చేశాను. చెల్లెలి కూతురు వీడియో కాల్ పెట్టి అక్క ముఖం ముందు పట్టుకుంది.

“అక్కా, పిల్లి తింటోంది,” అన్నాను. ఈసారి నిజం. “మోచేత్తో నిమిరితే వచ్చింది.”

అక్క ముఖం ఒక పక్కే కదిలింది. ఆ ఒక్క పక్కతోనే నవ్వింది. “దొంగ... ముండ,” అంది ముద్దుగా, ముద్దముద్దగా. తర్వాత మెల్లగా కూడబలుక్కుని, “చిన్నప్పుడు... తెలీక... చేత్తో ముట్టుకున్నా. దాని కళ్ళు... ఎంత అరిచిందో. అప్పట్నుంచీ,” అని ఆగింది. “నువ్వు... కాయలు తీశావా? నీకేం పిచ్చా? ఊపిరి?”

“బాగానే ఉంది. నువ్వొచ్చి కారం ఎలా ఉందో చెప్పాలి.”

ఫోన్ కదిలింది, గోడ కనపడింది, చెల్లెలి కూతురు “పెద్దమ్మ అలిసిపోయిందండి, పెట్టేస్తాను,” అంది.

వెళ్ళి చూడాలనుకున్నాను. పిల్లినీ పిట్టలనూ తీసుకెళ్ళి ఒకసారి చూపిస్తే త్వరగా లేస్తుందని నా ఆశ. పిల్లిని మూత ఉన్న బుట్టలో పెట్టి తాడు కట్టాను. ఆటో అతను బస్టాండులో దింపాడు. బుట్టలోంచి వచ్చే కేకలు విని కండక్టరు మెట్ల మీదే ఆపేశాడు.

“ఏందమ్మా అది? పిల్లా? పిట్టలతో పాటు పిల్లి? దారిలో ఒకదాన్నొకటి తింటే టిక్కెట్టు ఎవరికి కొట్టాలి?”

బస్సంతా నవ్వింది. ఆ నవ్వులో బుట్ట మూత ఎలా ఊడిందో, పిల్లి మెట్లు దూకి అక్కడే నిలబడ్డ ఆటోలోకి ఎక్కి సీటు కింద దూరింది. అది ఆ ఆటో వాసన ఎరుగును. “నే తీసుకుపోతాలే అక్కా, నువ్వు ఎక్కు,” అన్నాడు అతను. పంజరం ఒళ్ళో పెట్టుకుని నేను ఒక్కదాన్నే వెళ్ళాను. ఒంగోలులో బస్సు మారాను. దారి పొడుగునా రాతి దిమ్మెల లారీలు. పిట్టల మీద దుమ్ము పడకుండా కొంగు కప్పుకుంటూ వెళ్ళాను.

చెల్లెలి ఇల్లు రాయి కోసే యూనిట్ల వరసకు ఆనుకునే ఉంది. గుమ్మం ముందు చెట్టు ఆకుల మీద తెల్లటి పొడి. అక్క ముందు గదిలో మంచం మీద ఉంది. నేను పంజరం కిటికీకి తగిలించాను. అప్పుడే పక్క యూనిట్లో రంపం మొదలైంది, చెవులు గింగుర్లెత్తేలా. నేను పంజరం దించబోయాను, పిట్టలు బెదురుతాయని. బెదరలేదు. పసుపుది తల ఎగరేసి ఒక కేక పెట్టింది. నీలందీ అందుకుంది. ఇన్ని నెలలు నా ఇంట్లో నోరు విప్పనివి, ఆ రంపానికి పోటీగా గొంతు చించుకుని అరవడం మొదలుపెట్టాయి. అవి పెరిగిన మోత అది.

“అబ్బ! మళ్ళీ వచ్చిందమ్మా గోల,” అని చెల్లెలి కూతురు చెవులు మూసుకుంది, నవ్వుతూనే. అక్క వాటివైపే చూస్తోంది. నేను ఆమె ముఖం చూస్తూ కూర్చున్నాను.

కుడిచెయ్యి దుప్పటి మీద కదలకుండా ఉంది. గోళ్ళ చుట్టూ ఎప్పుడూ ఉండే ఎర్రదనం లేదు. వేళ్ళు తెల్లబడి మెత్తబడ్డాయి. ఎడమచెయ్యి చాపి నా మణికట్టు పట్టుకుంది. పట్టుకుని, ఒక్కసారి గుర్తొచ్చినట్టు చటుక్కున వెనక్కి తీసుకుంది, ఏళ్ళ అలవాటుకొద్దీ.

“మండదులే అక్కా,” అన్నాను.

తన అరచెయ్యి తిప్పి చూసుకుంది. “అవును... మండదు. ఇప్పుడు... చేత్తో రాయొచ్చు దాన్ని. అదేమో... అక్కడ.” మళ్ళీ చెయ్యి చాపి ఈసారి నా చెంప మీద పెట్టింది, తియ్యలేదు. ఇన్నేళ్ళలో ఆ అరచెయ్యి నాకు తగలడం అదే మొదటిసారి. చల్లగా ఉంది.

చెల్లెలు టీ తెచ్చి, గొంతు తగ్గించి, “ఒక్కతే అక్కడ ఎట్టా ఉండిద్దమ్మా, మంచం దిగాలంటే మనిషి కావాలి. మేం పంపం,” అంది. ఎంత తగ్గించినా చిన్న గది, అక్కకు వినపడింది. వినపడిందని నాకూ తెలిసింది.

“ఏమే,” అంది. ఆ మాట మాత్రం ఎక్కడా ముద్దకాకుండా, వీధి అవతల నుంచి పిలిచినట్టే వచ్చింది. “పిట్టల్ని ఇక్కడుంచు. గోల కావాలి వాటికి. పిల్లి... నీ దగ్గర. దానికి నువ్వు కావాలి.” కాసేపు ఊపిరి తీసుకుని, “తాళం కూడా నీ దగ్గరే ఉంచు,” అంది.

వస్తానని అనలేదు. నేను ఎప్పుడొస్తావని అడగలేదు. డబ్బాలో తెచ్చిన కొత్త కారం చెల్లెలికి ఇచ్చాను. అక్క చిటికెడు నాలుక మీద వేయించుకుని, కళ్ళు మూసుకుని రుచి చూసి, “గింజ ఎక్కువ రాలింది... ఘాటు తగ్గింది... పర్లేదు, మొదటిసారి కదా,” అంది. నేను నవ్వాను. ఆ మాటకు కూడా స్తోత్రం చెప్పుకున్నాను.

తిరిగి వచ్చేసరికి పొద్దు వాలుతోంది. అలవాటుగా గుడ్డ చేతిలోకి తీసుకున్నాను, కప్పడానికి పంజరం లేదు. వీధి మొదట్లో ఆటో హారన్ మోగింది. నేను తలుపు వెయ్యలేదు. ఇప్పుడు వెయ్యడం మానేశాను. దగ్గు వస్తే వస్తుంది, మందు పీల్చుకుంటాను. పిల్లి వీధి మొదటిదాకా వెళ్ళి, దిగిన ఆడవాళ్ళందరినీ వాసన చూసి, తిరిగి వచ్చింది. అక్క గడప దగ్గర ఒక క్షణం ఆగింది. తర్వాత వీధి దాటి నా దగ్గరికి వచ్చింది. నేను చేతులు కొంగులో చుట్టుకుని మోచెయ్యి చాపాను.

ఇప్పటికీ అంతే. నా చేతులకు మంట లేదు, అయినా దానికి మోచెయ్యే కావాలి. ఆమె ఇంకా చీమకుర్తిలోనే ఉంది. ఫోన్‌లో వెనక నుంచి రంపం మోత, దాని మీద పిట్టల అరుపు, ఆ రెంటి మధ్య ఆమె గొంతు వినపడతాయి. పిల్లి తిందా అని మొదట అడుగుతుంది, నేను తిన్నానా అని తర్వాత అడుగుతుంది. సాయంత్రాలు ఆమె గుమ్మం వైపు చూస్తూ కూర్చుంటాను. ‘ఏమే’ అని పిలిచేవాళ్ళు వీధిలో ఎవరూ లేరు. పిల్లిని అలా పిలుద్దామని ఒకటి రెండుసార్లు నోటిదాకా వచ్చింది. అది ఆమె పిలుపు. నేను పిలవలేదు.

ఇది చదివినవాళ్ళను ఒక్కటే అడుగుతాను. మీ ఇంట్లో పోపులో వెయ్యడానికి తీసిన ఎండుమిరపకాయకు తొడిమ లేకపోతే, ఎవరో ఆడమనిషి దాన్ని తన వేళ్ళతో మెలిపెట్టి తీసి ఉంటుంది. నూనెలో వేసేముందు ఒక్క క్షణం, మీకు తెలిసిన దేవుడి పేరు చెప్పుకుని, మా ఎదురింటి అక్కను తలుచుకోండి.